శ్రావణం

మా ఇంట్లో శ్రావణమంటే నెల కాదు.
మొన తేలిన ఉక్కు పట్టకారు.
తాత చేతిలో కెంపులు పొదిగింది.
నా చేతిలో నలభై ఏళ్లు
గడియారాల్లో వెంట్రుకంత స్ప్రింగులు సరిచేసింది.
ఇవాళ దానికి కొత్త పని:
బటాణి చెవిలో గోమార్లు.

కింది వాటాలో అద్దెకున్నవాళ్లు
కూలరూ, గ్యాస్ బండా, ఆఖరికి దండెం తాడూ విప్పుకుపోయారు.
కుక్కను మాత్రం మెట్ల మీద మరిచిపోయారు.
చిలకలగూడ వానలో అది ముడుచుకుంటే
తలుపు తీసింది నేను కాదు, హైమావతి.

ఆమెకూ నాకూ పదకొండు రోజులుగా మాటల్లేవు.
జనరల్ బజార్‌లో దుకాణం బోర్డు దించేశానని,
అడగకుండా దించేశానని.
కంచం పెడుతుంది. గిన్నె చప్పుడుతో పిలుస్తుంది.

సలహాలకేం కొదవ?
కిరసనాయిలు పొయ్యమన్నాడు పాల రాజమల్లు.
అగరొత్తి అంటించమంది ఎదురింటి ఖైరున్నీసా బీ.
దవాఖానలో చిన్న డాక్టరమ్మ మాత్రం
పాలిపోయిన చిగుళ్లు చూసి, జ్వరం చూసి,
"కాల్చొద్దు, నూనెలు పొయ్యొద్దు. బెదిరితే అది
కడుపుల ఉన్నదంత కుక్క రక్తంలకే కక్కుతది.
చర్మానికి ఆనిచ్చి మూతికాడ పట్టాలె.
మెలి తిప్పొద్దు. నిదానంగ, నిటారుగ గుంజాలె" అంది.

నవ్వొచ్చింది.
బాలెన్స్ చక్రం ఎత్తడం గురించి మా నాన్న
అచ్చం ఇదే చెప్పాడు, చెంపదెబ్బతో సహా.

కంటికి భూతద్దం, చేతులకి రబ్బరు తొడుగులు.
బటాణి నా తొడ మీద గడ్డం ఆన్చింది.
వెంట్రుకలు పాయ తీస్తే, అదుగో,
ఆముదం గింజంత, బూడిద రంగు, కదలని నిశ్చింత.
నా చెయ్యి వణికింది.
ఈ వణుకుకే కదా దుకాణం మూసింది.
ఎవరికీ చెప్పలేదు.

ఉన్నట్టుండి వెలుగు పెరిగింది.
ఫోన్ టార్చి పట్టుకుని పక్కన కూర్చుంది హైమావతి.
నా మణికట్టు చూసింది. చాలాసేపు చూసింది.
ఏమీ అనకుండా
మోచేతి కింద తన మోకాలు ఆసరా పెట్టింది.

పట్టాను.
చర్మం చిన్న గుడారంలా లేచి,
లేచి,
వదిలింది.
మూతితో సహా వచ్చింది. నలపలేదు.
ఒకప్పుడు పళ్లచక్రాలు కడిగిన సీసాలోనే
ఇప్పుడు స్పిరిటు, అందులో అది.

మూడు. వేళ్ల సందుల్లో, తోక కింద. తొమ్మిది.
తీసిన చోటల్లా దూదితో మందు అద్దింది ఆమె.
బటాణి ఒకసారి కయ్యిమని
వెంటనే సిగ్గుపడ్డట్టు ఆమె మోకాలు నాకింది.

పదహారోది పడ్డాక శ్రావణం కింద పెట్టబోయాను.
"ఆగు," అంది. "పట్టీ కింద ఇంకోటుంది."

రెండు వారాలు రోజూ వెతకాలట,
జ్వరం తిరగబెడుతుందేమో కనిపెట్టుకుని ఉండాలట.
చేతులు కడుక్కుని క్యాలెండర్ మీద రాశాను.
అక్షరాలు వంకర్లు పోయాయి.
చదివి, కింద తేదీలు తనే వేసింది.