ఆలోచించి పెట్టడం

ఆదివారం కెసెన్నుమ కమ్యూనిటీ హాల్లో
హతకెయామ టీచర్ బోర్డు మీద రాసింది:
కంగాఎతె ఒయితె కుదసాయ్.
వచ్చే వారానికి ఒక ప్రశ్న
ఆలోచించి పెట్టండి.
ఒకు అంటే పెట్టడమట,
రేపటికి బియ్యం నానబెట్టినట్టు,
మబ్బు పట్టకముందే గొడుగు గుమ్మం దగ్గర పెట్టినట్టు.

ద్యెమ్ వారమంతా అదే పనిలో ఉంది.
సన్మా చేపల పొట్టలు చీలుస్తూ
రబ్బరు గ్లవ్స్ లోపలే వేళ్లు మడుస్తూ
మాటలు లెక్కపెట్టుకుంది.
ముందు క్షమించమనాలి,
తర్వాత మీకు తీరిక లేదని తెలుసు అనాలి,
తర్వాత ఒక్కటి అడగవచ్చా అని అడగాలి.
అసలు ప్రశ్న చివర్న, చేపతోకంత.

శుక్రవారం ఒనొదెర మేస్త్రీ ముందు
నడుం వంచి, ఒక్క అక్షరం జారకుండా అప్పజెప్పింది:
నా లాకర్ మీద 'వియత్నాం మూడు' బదులు
నా పేరు రాస్తారా?

ఆయన టోపీ తీశాడు.
మళ్లీ పెట్టుకున్నాడు.
కంగాఎతె ఒకిమసు, అన్నాడు మర్యాదగా.
ఆలోచించి పెడతాను.

బస్సులో ద్యెమ్ ఒకటే నవ్వు,
పాఠంలో మాటే ఆయన నోట వచ్చిందని.
ఇక్కడ పదకొండేళ్లుగా ఉన్నదాన్ని,
నాకు తెలుసు, అది
'కాదు'కి తొడిగిన ఇస్త్రీ చొక్కా.
చెప్పలేదు.

రాత్రి బియ్యం కడిగి నానబెడుతుంటే
నోట్‌బుక్ మూస్తూ అడిగింది,
ముందు క్షమించమనకుండానే:
"పెట్టింది మళ్లీ ఎప్పుడు తీస్తారక్కా?"