ఐదో కాయ

మళ్ళీ అదే.
మార్చి రీలులో పద్దెనిమిదో బొమ్మ.
కాటా పక్కన నిలబడ్డ ముఠామేస్త్రి చినగురవయ్య
మొహం మజ్జిగలో ముంచి తీసినట్టు,
వెనక గోతం మీద లాటు నంబరు మాత్రం
దబ్బనంతో కుట్టినట్టు.

ముప్ఫై ఏళ్ళు గుంటూరు మిర్చి యార్డులో
తూకాలు రాసినవాణ్ణి.
ముల్లు తేడాగా చూపిస్తే
బస్తాని తిట్టకూడదని తెలుసు.

బెజవాడ గవర్నరుపేటలో మెట్ల కింద కూర్చుని
కెమెరాలు విప్పే ఏసుపాదం అనేవాడు:
"అనుమానం ముందు నీ కంటి మీద పెట్టు.
తర్వాత చేతి మీద. తర్వాత లెన్సు మీద.
పెట్టె మీద ఆఖర్న."
ఆయన పోయి తొమ్మిదేళ్ళు.
ఆ మెట్ల కింద ఇప్పుడు ఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు.

కళ్ళజోడు మార్చి రెండు నెలలే, కన్ను కాదు.
స్టాండు మీద బిగించి కేబులుతో నొక్కాను, చెయ్యీ కాదు.
లెన్సు మార్చాను.
రెండోదీ అదే అబద్ధం చెప్పింది.
ఇద్దరు సాక్షులు పొల్లు పోకుండా ఒకటే చెప్పారంటే
నేర్పినవాడు లోపలే ఉన్నాడు.

వంటింటి బల్ల మీద టైలరు టేపు ఏటవాలుగా పరిచి
అంగుళానికో తేజ కాయ పెట్టాను, మొత్తం తొమ్మిది.
గురి ఐదోదాని మీద.
అప్పుడే, బుద్ధి గడ్డి తిని,
అదే చేత్తో కన్ను నలుపుకున్నాను.
అరగంట సేపు అరండల్‌పేటంతా అలుక్కుపోయింది.
హైమ చెంబుతో నీళ్ళు కొడుతూ
"ముందు కంటినే కదా అనుమానించమన్నాడు" అంది.

సోడా కొట్టు నుంచి ఐసు తెచ్చి
స్నానాల గదిలో మందు చల్లార్చి కడిగితే
నెగెటివులో పదునుగా ఉన్నది ఏడో కాయ.

మరి దూరపు బొమ్మలు బాగానే వస్తున్నాయేం?
ఆ ప్రశ్న మూడు రాత్రులు తిన్నది.
నాలుగోనాడు డాబా ఎక్కి నీళ్ళ టాంకు వైపు చూశాను.
లెన్సు చివరికంటా తిప్పినా
కిటికీలో దాని మెట్లు తేలడం లేదు.
అదే టాంకు, పోయిన నెల ప్రింటులో,
మెట్లు లెక్కపెట్టుకోవచ్చు.
కంటికి చూపించేది ఒకటి, రీలు మీద రాసేది ఇంకొకటి.
దొంగ లెక్క.

వెనక తలుపు తెరిచి, రీలు పరుచుకునే చోట
బటర్ పేపరు అంటించి, షట్టరు తెరిచి పట్టుకుని
లాలాపేట నాగూర్ వలీ దగ్గర బదులు తెచ్చిన
గడియారాల భూతద్దం ఆనించాను.
తొమ్మిది కాయలూ తలకిందులుగా వేలాడుతున్నాయి.
ఏడోదాని ముడతలు కనిపిస్తున్నాయి.
పై కిటికీలో చూస్తే ఐదోది.
రెంటి మధ్యా ఉన్నది అద్దం ఒక్కటే.

అది ఆనుకునే పిన్ను సడలింది.
రెండు వెంట్రుకల మందం, అంతే.
కంకరగుంట గేటు దగ్గర స్కూటరు మీంచి జారిపడింది చూడండి,
రెండువేల ఒకటిలో,
గీత కూడా పడలేదని సంబరపడ్డాను.

అంటే ఇరవైమూడేళ్ళు.
చెప్పుల డబ్బాలు దించాను.
బావమరిది పెళ్ళిలో పెళ్ళికొడుకు పొగ,
వెనక వడ్డన బకెట్టు పట్టుకున్న కుర్రాడి
చెవి మీద పెన్సిలు, దాని చెక్కిన మొన.
సేటు షష్టిపూర్తికి తీసినదాంట్లో సేటు లేడు,
మూరెడు వెనక కాయలు తొడిమలు తీస్తూ
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్న ఆమె
కనురెప్పల మీద ఎర్రటి దుమ్ము.
పేరు నాకు తెలీదు. ఎవరినైనా అడగాలి.
హైమవి నలభైకి పైనే.
ప్రతిదాంట్లో ఆమె వెనక దండెం,
క్లిప్పుల స్ప్రింగులతో సహా.

"నాకెప్పుడో తెలుసు," అంది తను,
"నువ్వు తీస్తే మన గోడ బాగా పడుతుంది."

స్క్రూని పావు చుట్టులో పావు తిప్పాను.
కాగితం మీద ఐదు, కిటికీలో ఐదు.
ఏసుపాదం ఉంటే బీడీ వెలిగించేవాడు.
నేను కాసేపు ఊరికే కూర్చున్నాను,
రీలు ఎక్కించకుండా.

ఈలోగా హైమ బల్ల సర్దేసింది.
ఆ రాత్రి పప్పు కాస్త మండింది.
ఏది ఐదోదో చెప్పడం ఇక కుదరదు.