ఇరవై మూడో వాల్వు

డ్రైవర్ రాయడానికి వచ్చిన అంటే
గుమస్తా సోమాచారి కళ్లద్దాల మీదినుంచి చూసి
"ఏ లారీకమ్మా?" అన్నడు.
మిర్యాలగూడ బైపాసు మీద
వడ్ల లారీలు అప్పటికే కిలోమీటరు బారు.

నా డ్రైవర్‌కు స్టీరింగు లేదు సారూ,
బీడీ తాగడు, కోదాడ దాటి పోడు.
బియ్యం ఏరే మిషన్ కడుపుల
అరచేయంత పచ్చ పలక మీద కూసుంటడు.
పైనుంచి "ఊదు" అని మాట రాంగనె
కింద ఒక సన్నటి కాలును
సున్న నుంచి ఒకటికి లేపుతడు.
గంతే.
గంత దానికే మూడు రాత్రులు పట్టింది నాకు.

అరవై నాలుగు వాల్వులు.
గింజలు వానలెక్క జారుతుంటే
కెమెరా నల్లదాన్ని కనిపెడతది,
వాల్వు ఒక్క ఊపిరి ఊదుతది,
నల్లది పక్కకు, తెల్లది సంచికి.
పాత బోర్డు పిడుగుకు మాడింది.
కొత్తదాంట్ల ఇరవై మూడోది మూగది.

నక్షా తీసిన.
ఏ కాలు ఎవరి పేరు మీదుందో
పహాణీ చదివినట్టు చదివిన.
ఆ కాలు ఇద్దరి పట్టాల ఉన్నది,
ఒకటి వాల్వు, ఇంకోటి సీరియల్ పోర్టు.
రెండో పేరు కొట్టేసిన.
అయినా మీటర్ల అంకె నిలుస్తలేదు,
ఒకటి కాదు, సున్న కాదు.
చెయ్యి దగ్గరికి తెస్తేనే ఉలికిపడుతుంది.
తేలుతున్న కాలు అది.
మీదికో కిందికో
ఎవరో ఒకరు గుంజి పట్టాలె.

రిజిస్టర్ల ఒకటి రాస్త,
మళ్ల చదివితే సున్న.
ఖాళీ చేసిన ఇంటికి ఉత్తరం ఏసినట్టు,
తిరిగి రాదు, తిట్టదు,
తప్పు అని కూడ అనదు.

రెండో రాత్రి రెండు గంటలకు దొరికింది.
అరవై మూడు కాళ్లు ఒక వాడ,
ఇదొక్కటి అవతలి వాడ.
ఆ వాడకు గడియారమే పోతలేదు.
అడగనోళ్లకు గడియారం బంద్ పెడతరు,
కరెంటు మిగులుతదని.
టిక్కు లేని చోట
ఎంత రాసినా రాత గాదు.
ఒక్క లైను, గడియారం తెరువు అని.
టప్.
ఊదింది!

ఊడుస్తున్న సైదమ్మ చీపురు ఆపింది.
"నడిమిది ఆలిశంగ దగ్గుతుంది బిడ్డా."

ఈ మిల్లుల పందొమ్మిదేండ్లు నల్లగింజలు ఏరిందట.
నలభై మంది ఆడోళ్లు, బల్లలు వరుసగ.
మిషన్ దిగిన ఏడు
ముప్పై తొమ్మిది మంది పోయిండ్రు.
ఈమెకు చీపురు మిగిలింది.
నేను అడగలే. ఊడుస్తనే చెప్పింది.

"కన్ను చూసిన కాడికి చెయ్యి పోవద్దు,
గింజ వచ్చే కాడికి పోవాలె.
ఎన్నడన్న చాట పట్టినవా?"

పట్టలేదు.
స్కోపు పట్టిన, తీగ తగిలించి చూసిన.
ఆమె చెవి నిజం.
ఆ వాడ గడియారానికి తల్లి వేరు, నడక మెల్లగ.
అందరి లెక్కనే వంద టిక్కులు ఎంచినా
దాని వంద ఎనక పడుతుంది,
అప్పటికి గింజ దాటిపోతుంది,
పక్కనున్న తెల్లది దెబ్బ తింటుంది.
మూడో రాత్రి తల్లిని మార్చిన.
వాల్వులు ఒక్క గొంతుతోని దగ్గినయి.

తెల్లారి లారీలు కదిలినయి.
"దొరికిండా నీ డ్రైవరు?"
సోమాచారి నోట్లు రెండుసార్లు ఎంచి ఇచ్చిండు.

కోడ్‌ల, మిషన్ చదవని జాగ ఒకటి ఉంటది,
మనుషులకోసం ఇడిచిపెట్టేది.
ఆడ రాసిన, తెలుగులనే:
ఈ ఆలిశం చెవితో పట్టింది సైదమ్మ.
లాప్‌టాప్ తిప్పి చూపించిన.

అక్షరాల దిక్కు చూసింది,
కొంగుల నల్లగింజలు మూటగట్టుకుంట
కోళ్లకని చెప్పింది,
ఇంక అడిగింది,
"నా పేరు రాస్తే కూలి పెరుగుతదా?"

బ్యాగు జిప్పు
సగం కాడ పట్టుకుంది.
గుంజుతనే ఉన్న.