రాకపోకల పద్దు

కాల్ లెటర్లో ఆఖరి వాక్యం
అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉంటుంది.
నేను దాన్నే ముందు చదువుతాను:
రాకపోకల ఖర్చులు అభ్యర్థివే.

పర్మినెంటు వాళ్ళ కాగితంలో ఆ వాక్యం ఉండదట.
ఇబ్రహీంపట్నం ప్లాంటులో ఒకాయన చెప్పాడు,
ఏసీ టికెట్టు, గెస్ట్ హౌసు,
పొద్దున్నే పెసరట్టు కూడా, అని.
పెసరట్టు మీద నాకు కోపం లేదు.
ఆ "కూడా" మీదే.

నా పని గేజీలు సరిచూడటం.
ఆవిరి లేనప్పుడు ముల్లు సున్నా మీద నిలబడాలి.
నిలబడకపోతే నిలబెట్టాలి.
షట్‌డౌన్ ఉన్నన్నాళ్ళే నాకు కూలి,
బాయిలరు వెలిగిన రోజున
నా గేటు పాసు ఆరిపోతుంది.

ఈసారి బళ్ళారి అవతల ఉక్కు ఫ్యాక్టరీ.
నలభై ఐదు రోజుల పని.
ఇస్తారో లేదో తెలుసుకోడానికి రెండు రాత్రుల రైలు.

చిట్టినగర్ కొండ మీంచి నూట పన్నెండు మెట్లు దిగాను.
దారి మొత్తంలో అవే ఉచితం.
సొరంగం దగ్గర షేరాటో, ఇరవై.
స్లీపరు, అదీ వెయిటింగు లిస్టు, మూడొందల ముప్పై ఐదు.
ప్లాట్‌ఫారం మీద సీసా కొనకుండా
కుళాయి నీళ్ళు పట్టుకుని
పద్దులో రాసుకున్నాను: నీళ్ళు, సున్నా.
చెయ్యని ఖర్చు రాస్తే రత్నకుమారి నవ్వుతుంది,
మిగిలిందేదీ, చూపించు, అంటుంది.

వంతెన మీద ఎదుటి సీటావిడ
కృష్ణలోకి రూపాయి బిళ్ళ విసిరింది.
నేను దణ్ణం పెట్టి ఊరుకున్నాను.
తరవాత ఇస్తాలే తల్లీ, ఏదో ఒకటి తేలాక.

గుంటూరులో ఎక్కాడు మస్తాన్‌వలి.
ఆనందపేట మనిషి,
ఇదివరకు మిర్చి యార్డులో కాటాలు సరిచేసేవాడట.
ఇస్త్రీ చొక్కా నలగకుండా అట్టముక్క పెట్టి మడిచి
సంచిలో అన్నం గిన్నె మీద పెట్టుకున్నాడు.
ఆ అట్టముక్క చూడగానే తెలిసిపోయింది,
ఇద్దరం ఒకే కుర్చీకి పోతున్నామని.

తలుపు దగ్గర పేపరు పరుచుకుని కూర్చున్నాం.
గోంగూర అన్నం సగం నాకు పెట్టాడు.
నర్సరావుపేట దాటాక అడిగాడు,
"రోజుకెంత అడుగుతున్నావన్నా?"
యాభై ఎక్కువేసి చెప్పాను.
తనూ ఒక అంకె చెప్పాడు.
చీకట్లో రెండు అబద్ధాలూ
భుజం భుజం రాసుకుని కునికాయి.

ఫ్యాక్టరీ గేటు నుంచి లోపలి ఆఫీసుకి ఆటో, నూట ఇరవై.
చిల్లర నా దగ్గరుంది, ఇచ్చేశాను.
"నా అరవై పంపిస్తాలే అన్నా" అన్నాడు.
అందరూ అనేదే.

ఇంటర్వ్యూ తొమ్మిది నిమిషాలు.
నాకంటే చిన్నవాడు, హిందీలో అడిగాడు,
సున్నా ఎలా సరిచూస్తావు?
పర్సు తెరిచి చూపిస్తే సరిపోయేది.
వాల్వు మూయాలి, ఒత్తిడి వదలాలి,
ముల్లు ఆగేదాకా ఆగాలి, అన్నాను.
ఆగాలి అన్నందుకేమో,
కబురు చేస్తాం, ఆగండి, అన్నాడు.

తిరుగు ప్రయాణం జనరల్ పెట్టెలో,
గిద్దలూరు దాకా ఒంటికాలి మీద.
ఇంటికొచ్చి కూడితే ఎనిమిదొందల యాభై ఐదు.
పోయిన రెండు రోజుల కూలికి పద్దులో గడి లేదు.
తొమ్మిదితో భాగించాను,
నిమిషానికి తొంభై ఐదు.
శేషం లేదు.

కబురూ లేదు.

నెల దాటాక ఒక సాయంత్రం
మెట్ల మీద గ్యాసు బండ మోస్తుంటే
జేబులో ఫోను వణికింది.
షేక్ మస్తాన్‌వలి నుంచి అరవై రూపాయలు జమ.
కింద ఒకటే మాట: ఆటో.

మొదటి కూలి చేతికొచ్చి ఉంటుంది వాడికి.
కంపెనీ నాకు రాయని ఉత్తరం
అరవై రూపాయల్లో వచ్చింది.
బండ దించుకుని, డెబ్బయ్యో మెట్టు మీద
కాసేపు కూర్చున్నాను.

రాత్రి పద్దు తీసి
నూట ఇరవై కొట్టేసి అరవై వేశాను.
మొత్తం ఏడొందల తొంభై ఐదు.
తొమ్మిదితో భాగిస్తే ఈసారి
శేషం మూడు.

అందులో ఒకటి
కృష్ణకి బాకీ.