ఉప్పు కొలత

ఆ రాత్రి కాపలా నాది.
సోన్‌కుల్ సరస్సు మీంచి గాలి కోస్తుంటే
కంబళి చెవులదాకా లాక్కుని
ఒక్క క్షణమేలే అని కళ్ళు మూశాను.

తెల్లారేసరికి కారగెర్
మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది,
నాలుగోది నేలకి ఆనీ ఆనకుండా.
తొడ మీద తోడేలు పంటి చీలిక,
మూతి విప్పిన సంచిలా.
దాని పిల్ల మాత్రం పొదుగు కిందే,
ఏమీ జరగనట్టు పాలు గుంజుతూ.

బురుల్ నాయనమ్మ నన్నేమీ అనలేదు.
అంటే బాగుండేది.
నీళ్ళు తెర్లాయి, చల్లారాయి.
గుప్పెట్లోంచి ఉప్పు రాలుస్తూ అడిగింది:
"ఎంత వెయ్యాలో తెలుసా?"
తెలీదన్నాను.
"నీ చెంప మీది తడి నాలిక్కి తగిలించుకో.
ఇప్పుడీ గిన్నెలో వేలు ముంచి చూడు.
రెండూ ఒకటయ్యేదాకా వేస్తాను."
మూడుసార్లు చప్పగా ఉందన్నాను.
నాలుగోసారి
ఏది గిన్నెదో ఏది నాదో తెలియలేదు.

ఆ నీళ్ళతో కడిగింది, పైనుంచి కిందికి, తొందర లేకుండా.
గుర్రం చర్మం ఒక్కసారి చెరువులా అదిరింది.
నెత్తురు ఆగలేదు.
గుడారంలోకెళ్ళి,
తాత కూర్చునే మూల పరిచిన ఉన్ని తివాచీని
కత్తెరతో జానెడు కోసుకొచ్చింది.
ఆయన పోయి అప్పటికి రెండు వేసవులు.
ఆ మూలన మేమెవరం కూర్చునేవాళ్ళం కాదు.
నిప్పు మీద కాలిస్తే వెంట్రుకల కంపు.
ఆ నల్లటి బూడిద వేడి తగ్గాక గాయంలో అద్ది
అరచేత్తో నొక్కి పట్టింది,
టీ చల్లారి మీగడ కట్టేంతసేపు.

గొర్రె తోక కొవ్వు గాయం చుట్టూ గట్టులా పూసింది, ఈగలు దిగకుండా.
అర్చా కొమ్మల పొగ వేసే పని నాకిచ్చింది.
పొగకి కళ్ళు మండి ఏడుస్తున్నానని
అందరూ అనుకునే వీలిచ్చింది.

రోజూ పొద్దున్నే ముక్కు ఆనించి వాసన చూసేది.
"వాసన మారిందా, ఇక నా చేతిది కాదు.
కొచ్కోర్ డాక్టరుకి కబురంపాలి, సిగ్గుపడకూడదు."
మూడో రోజు డాక్టరు మోటారుసైకిలు వచ్చింది కానీ
అది పక్క గుడారం ఆవు ఈనలేకపోతోందని.
మా గుర్రాన్ని దూరం నుంచే చూసి,
"ఎవరు కట్టారు?" అని అడిగి,
పుల్లటి గుర్రప్పాలు రెండు గిన్నెలు తాగి వెళ్ళాడు.

మచ్చ మీద కొత్త వెంట్రుకలు తెల్లగా మొలిచాయి.
నల్లటి ఒంటి మీద అరచెయ్యంత మంచు.

ఆరేళ్ళ తర్వాత, పశువుల సంతలో
బేరగాడొకడు దానిమీద వేలు పెట్టి
ధర తగ్గిద్దామని అడిగాడు:
"తోడేలా?"

"కాదు, నిద్ర" అన్నాను
పగ్గం నా వైపు లాక్కుంటూ.