పదకొండో పీట

ఎనుమాముల యార్డులో మిర్చి సీజను.
హన్మకొండ నుంచి బండి మీద వచ్చేలోపే
హెల్మెట్‌లో రెండు తుమ్ములు.
ఉపేందర్ సేటు అడ్తి దుకాణం,
తక్‌పట్టీలు కొట్టే వెనక గది.
ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు,
అన్నిటి మీదా సన్నటి ఎర్ర దుమ్ము.

స్వరూప తెర నా వైపు తిప్పింది.
'కనెక్షన్ల పరిమితి దాటింది.'
అంతే. ఎవరు దాటారో
చెప్పే అలవాటు యంత్రానికి లేదు.
"పొద్దుగాల మంచిగనే నడుస్తది సార్,
పదింటికల్లా ఎవలో ఒకల్ని బయట నిలబెడతది.
ఇయ్యాల నా వంతు.
మొత్తం బంద్ జేసి పెడితే
మళ్ల రెండు గంటలు బతుకుతది."

బయట బస్తా మీద బస్తా,
ఆపైన బానోతు లచ్చిరాం.
గూడూరు అవతలి తండా నుంచి
రాత్రంతా ట్రాలీలో కూచుని వచ్చాడు.
కాంటా అయింది, ధర పలికింది.
చీటీ ఒక్కటే రావాలి.

ఇది చిన్న డేటాబేసు.
మూల మీది ఒక్క డబ్బాలో కాపురం.
పదిమందికి పీట వేస్తుంది,
పదకొండో మనిషికి గడప దగ్గరే చెయ్యడ్డం.
గదిలో ఉన్నది ఆరుగురే కదా?
వేళ్ల మీద లెక్కపెట్టాను,
నాకు నేనే నవ్వుకుని మళ్లీ లెక్కపెట్టాను.

"అందరూ సేవ్ చేసి మూయండి."
కాంటా కుర్రాడు మూశాడు.
సేటు కొడుకు, దాచుకున్న పేకాటతో సహా, మూశాడు.
ఆరు తెరలూ ఖాళీ.
లోపల మాత్రం ఐదు పీటల మీద
ఇంకా ఎవరో కూచునే ఉన్నారు.

"లైసెన్సు పెంచాల్నా? పెద్దది కొందామా?"
సేటు జేబు మీద చెయ్యి వేశాడు.
అవునంటే నాకూ కమీషను వస్తుంది.
నోటిదాకా వచ్చింది కూడా.
లాకు ఫైలు తెరిచాను.
ఐదు వరసలు, ఐదింట్లోనూ ఒకటే పేరు:
షెడ్డు టీవీ.

రైతుల షెడ్డులో గోడకు వేలాడే తెర.
తేజ ఇంత, చపాట ఇంత.
వైఫై తెగినప్పుడల్లా
కొత్త తలుపు తీసుకుని లోపలికొచ్చి
ధర అడుగుతుంది.
పాత తలుపు అట్లాగే తెరిచి ఉంటుంది.

మూడేళ్ల కింద, ఇదే ఘాటులో,
ముక్కు తుడుచుకుంటూ, అన్నానికి లేటవుతుంటే
రాసింది నేనే.
రావడం రాశాను, అడగడం రాశాను,
అంకెలు ఎర్రగా మెరవడం
రెండు రోజులు కూచుని రాశాను.
పోవడం రాయలేదు.

షెడ్డుకు వెళ్లి ప్లగ్గు పీకాను.
"ఎవలయ్యా బంద్ జేసింది?"
గుంపులోంచి ఓ పెద్దాయన లేచాడు.
"ధర పోయిందా?"
"ధర ఎక్కడికి పోతుంది? తెర పోయింది, అంతే."
"మాకు రెండూ ఒక్కటే."

ఒక్క వాక్యం, తీసినదాన్ని మూసేది.
నాలుగు నిమిషాల పని.
తెర వెలిగింది.
ప్రింటరు దగ్గి, లచ్చిరాం చీటీ కక్కింది.
అతను దాన్ని చదవలేదు, స్వరూపతో చదివించుకుని
నాలుగు మడతలు పెట్టాడు.

పదకొండింటికి చూశాను: ఏడు.
ఆరుగురూ, ఒక తెరా.
పన్నెండింటికి ఏడు.
కావాలనే వైఫై తెంపి కలిపాను, మూడుసార్లు.
ఏడే.
నమ్మకం కుదరక ఒంటిగంటకీ చూస్తుంటే
స్వరూప వచ్చి పక్కన నిలబడింది,
చేతిలో హమాలీల కూలి పుస్తకం.
"ఇగ లేవుండ్రి సార్,
ఎప్పటిసంది కూసున్నరు,
ఆ కుర్చీ మాది."