వెన్ను చూపని వెనకడుగు

నెగోతిన్‌లో మా రొట్టెల దుకాణం గోడ మీద
పొగచూరిన ఫోటో ఒకటుంది.
అందులో బురదలో బోర్లా పడ్డవాణ్ణి నేను.
నిలబడ్డవాడు ఓస్తోయా.

వచ్చినవాళ్ళంతా నిలబడ్డవాడి గురించే అడుగుతారు.
బురెక్ తూకం వేస్తూ నేనూ చెబుతూంటాను,
పడ్డవాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?
నిజానికి వాడు పడగొట్టలేదు.
నన్ను తాకనైనా లేదు.

ఓస్తోయా అంటే ఉండిపో అని.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే
మూడోవాడికి నానమ్మ పెట్టిన పేరు.
బోర్‌లో పుట్టాడు, రాగి కరిగించే ఊళ్ళో,
కురిసిన మంచు సాయంత్రానికే బూడిదయ్యే చోట.
తండ్రికి కొలిమి దగ్గర రాత్రి షిఫ్టు.
వీధిలో పిల్లలందరూ గోల్ కొట్టేవాళ్ళే.
వీడొక్కడే, పగలు నిద్రపోయే తండ్రి కిటికీకి
బంతి తగలకుండా
అడ్డం నిలబడేవాడట.

పందొమ్మిదేళ్ళప్పుడు మా మీద ఆడాడు.
నేనప్పుడు కాలు దువ్వే కోడెని.
వాన.
ఎడమకి ఊగితే చూడడు, భుజం విదిలిస్తే చూడడు,
నా కళ్ళలోకి అసలే చూడడు.
బంతినే చూస్తాడు,
పాలు పొంగుతాయేమోనని గిన్నె దగ్గర నిలబడ్డ మనిషిలా.
నేనొకడుగు వేస్తే వాడొకడుగు వెనక్కి.
ఇంకొకటి. ఇంకొకటి.
భయపడ్డాడనుకున్నాను.
వెనక్కి వెళ్ళడానికీ వెన్ను చూపడానికీ
మధ్య ఎంత దూరముందో
ఆ వానలో నాకు తెలియలేదు.
నన్ను తీసుకెళ్ళి తీసుకెళ్ళి, మైదానం మూలకి చేర్చి,
ఇక దారి లేనిచోట
జేబులోంచి తాళంచెవి తీసుకున్నంత మామూలుగా
నా కాళ్ళ మధ్యనుంచి బంతి తీసుకున్నాడు.
పడింది నా అంతట నేనే.
చెయ్యందించి లేపాడు.
"లేసు ఊడింది, చూసుకో" అన్నాడు.
మా ఇద్దరి మధ్య మాటలు మొత్తం అవే.

తర్వాత బెల్‌గ్రేడ్. ఎనిమిదేళ్ళు.
ఆంక్షల వేసవిలో, పోటీకని వెళ్ళిన జట్టుని
ఒక్క ఆటైనా ఆడనివ్వకుండా విమానమెక్కించి పంపేస్తే
తిన్నగా బోర్ వచ్చి
తండ్రితో కలిసి చెర్రీలు కోశాడట.
ఇరవయ్యేడేళ్ళు. ఆ వయసు మళ్ళీ రాదు.

ఆ తర్వాత జెనోవా.
ఓడరేవు జనానికి వాడి పేరు నోరు తిరగక
ఓస్తె, ఓస్తె అని పిలిచారు.
వాళ్ళ భాషలో పూటకూళ్ళవాడని అర్థమట.
నవ్వొచ్చింది నాకు.
గడప తొక్కనివ్వని పూటకూళ్ళవాడు!

బాంబులు పడ్డ వసంతంలో
ఆదివారాలు అక్కడ ఆట ఆడి
రాత్రి బోర్‌కి ఫోన్ చేసేవాడు.
గంట మోగుతూనే ఉండేది.
ఇప్పుడా కిటికీకి అడ్డం నిలబడాలంటే
ఎంత ఎత్తు మనిషి కావాలి?

మోకాలికి మూడు కోతలు.
నాలుగు వందల పైచిలుకు ఆటలు.
వాడి పేరిట గోల్ ఒక్కటే,
అదీ కప్పు ఫైనల్లో, సొంత వలలో.
మొన్న మా అక్క మనవడు ఫోన్‌లో ఆ ముక్క చూపించి
పడీ పడీ నవ్వాడు.
ఏమనాలి వాడితో?
పడిన గోల్‌కి వీడియో ఉంటుంది.
పడని గోల్‌ని ఎవరు దాస్తారు?
నేను దాచాను, ఒకటి. గోడ మీద.

పోయిన శరదృతువులో
పొయ్యి విడిభాగం కోసం బోర్ వెళ్ళాను.
ఊరంతా మిరపకాయలు కాలుస్తున్న వాసన.
కంకర మైదానంలో నెరిసిన జుట్టు, కుంటి నడక,
ఎదురుగా పదిమంది పిల్లలు.
కాలు బంతికి తగలనే లేదు ఎవరిదీ.
అందరూ వెనక్కి నడుస్తున్నారు,
ముఖాలు మాత్రం ముందుకి.
ఒక పిల్ల తడబడి కూలబడితే
అక్కడే ఆగి, లేచేదాకా చూసి,
మళ్ళీ నడిపించాడు.

కంచె దగ్గర నన్ను చూశాడు.
గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు,
ముఖం ఎప్పుడు చూశాడు గనుక?
చూపు మాత్రం పాత అలవాటుగా
నా కాళ్ళ మీదికి దిగింది.

నేనూ కిందికి చూశాను.
లేసు కట్టే ఉంది.
అయినా వంగి
విప్పి
మళ్ళీ కట్టుకున్నాను.